వయసు, జబ్బలు, స్లీవ్ పొడవు: దాచడం కన్నా కుదరడం ముఖ్యం

నలభై దాటిన స్త్రీలు జబ్బలు కనిపించేలా బట్టలు వేసుకోకూడదన్న మాట ఎవరు మొదలుపెట్టారో గానీ, దానికి ఉన్నంత ఆయుష్షు ఏ ఫ్యాషన్‌కూ లేదు. పత్రికల్లో అది హుందాతనం పేరుతో వస్తుంది. దుకాణంలో "ఇది మీకు ఇంకా బాగుంటుందండీ" అంటూ పొడవు చేతుల చొక్కా ముందుకు జరుగుతుంది. ఇంట్లోవాళ్లయితే మొహమాటం లేకుండా అనేస్తారు. కొన్నాళ్లకు ఎవరూ అనక్కర్లేకుండానే, బట్టలు ఎంచుకునే చేయి స్లీవ్‌లెస్ వరుసను ముట్టుకోకుండా దాటిపోతుంది.

ఈ సలహాలో రెండు పొరపాట్లు ఉన్నాయి. చేయి మారడాన్ని లోపంగా చూడటం మొదటిది. దాని మీద వాదనలు చాలా జరిగాయి. గుడ్డ ఎంత ఎక్కువ కప్పితే అంత బాగుంటుందనుకోవడం రెండోది. దీన్ని ప్రశ్నించేవారు తక్కువ గానీ, దర్జీ లెక్క ప్రకారం చూసినా ఇది నిలబడదు. మణికట్టు దాకా కప్పి జబ్బ దగ్గర బిగిసిపోయిన స్లీవ్ చేతిని లావుగా చూపిస్తుంది; సరిగ్గా కోసిన స్లీవ్‌లెస్ అలా చూపించదు. "నా వయసుకు ఎంత పొడవు చేతులు బాగుంటాయి?" అన్న ప్రశ్నకు జవాబు చాలాసార్లు పొడవులో దొరకదు. చంక కోత, జబ్బ దగ్గర లూజు, అంచు ఆగే చోటు, ఈ మూడింటిలో దొరుకుతుంది.

చేతిలో నిజంగా మారేది ఏమిటి?

చేయి మారుతుందన్నది నిజమే. మారదని బుజ్జగించడం వల్ల ఎవరికీ ఊరట దొరకదు. ముప్పై దాటాక శరీరంలో కండ పదేళ్లకు 3 నుంచి 8 శాతం వరకు తగ్గుతూ వస్తుంది. అరవై తర్వాత ఆ వేగం పెరుగుతుంది. అమెరికన్ వైద్యుడు ఇర్విన్ రోజెన్‌బర్గ్ 1989లో దీనికి సార్కోపీనియా అని పేరు పెట్టాడు. పై చేతిలోని కండలో దాదాపు మూడింట రెండు వంతులు వెనుక వైపున్న ట్రైసెప్స్‌దే. మోచేతిని చాపేటప్పుడు, దేన్నైనా బలంగా నెట్టేటప్పుడు పనిచేసేది అదే. రోజువారీ పనుల్లో ఎత్తడం, పట్టుకోవడం, లాగడం ఎక్కువ. బలంగా నెట్టడం తక్కువ. కాబట్టి ముందు వైపు కండకు ఎంతో కొంత పని దొరుకుతూనే ఉంటుంది, వెనుక కండకు దొరకదు.

చర్మం సంగతి వేరు. మెనోపాజ్, అంటే ముట్లు ఆగిపోయిన తర్వాతి తొలి ఐదేళ్లలో చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ అనే ప్రొటీన్ 30 శాతం దాకా తగ్గవచ్చని వైద్యులు చెబుతారు. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను పడిపోవడమే అందుకు కారణం. జబ్బ లోపలి వైపు చర్మం మొదటి నుంచీ పలుచన, దాని కింద ఉన్నది మెత్తటి కొవ్వు. అందుకే సడలడం అక్కడ త్వరగా కంటపడుతుంది. ఇక జబ్బ వెనుక కొవ్వు చేరడం ఈ వయసులో కొత్తగా మొదలయ్యేది కాదు. స్త్రీల శరీరం యుక్తవయసు నుంచే అక్కడ కొవ్వు నిల్వ చేస్తుంది. ఒంట్లో కొవ్వును అంచనా కట్టడానికి చర్మపు మడతను పట్టుకుని కొలిచే చోట్లలో జబ్బ వెనుక భాగం ఒకటి కావడానికి కారణం ఇదే.

వ్యాయామంతో కొంత మారుతుంది. కండ ఏ వయసులోనైనా స్పందిస్తుంది. 1990లో బోస్టన్ పరిశోధకులు తొంభై ఏళ్ల వయసున్న కొందరు వృద్ధాశ్రమవాసులతో ఎనిమిది వారాల పాటు కాళ్లకు బరువుల వ్యాయామం చేయిస్తే, కాలి కండల బలం సగటున 174 శాతం పెరిగింది. చర్మం మాత్రం అలా లొంగదు. జబ్బ కొవ్వును మాత్రమే ఏరి కరిగించే వ్యాయామం కూడా ఏదీ లేదు. బలం కోసం, ఎముకల కోసం బరువులు ఎత్తడం ఎంతైనా మంచిదే. స్లీవ్‌లెస్ వేసుకునే అర్హత సంపాదించడానికి ఎత్తడం మాత్రం దండగ.

బట్టల విషయంలో వీటన్నిటికన్నా పెద్ద మార్పు భుజాల్లో వస్తుంది, దాని గురించి మాట్లాడేవారే తక్కువ. ఏళ్ల తరబడి వంగి పనిచేయడం వల్ల, వెన్ను పై భాగం కాస్త గుండ్రమవడం వల్ల భుజాలు ముందుకు జరుగుతాయి. రెడీమేడ్ బట్టలు నిటారుగా నిలబడిన భుజానికి కోసినవి. అవి ముందుకు వంగిన భుజం మీద పడితే భుజం కుట్టు వెనక్కి జారినట్టుంటుంది, మెడ వెనక్కి లాగుతుంది, జబ్బ ముందు వైపు గుడ్డ ఒరుసుకుంటూ ఏటవాలు ముడతలు పడతాయి. అద్దంలో అది చూసుకున్నవారు చేయి లావెక్కిందనుకుని ఒక సైజు పెద్దది తీసుకుంటారు. అప్పుడు భుజం ఇంకా కిందికి జారుతుంది, ముడతలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. భుజం కుట్టును కాస్త ముందుకు జరిపి, స్లీవ్‌ను కొద్దిగా ముందుకు తిప్పి కుడితే పోయే ఇబ్బందికి మనిషి తన ఒంటిని తప్పుపట్టుకుంటున్నదన్నమాట.

ఇంకొక మార్పు మరీ గమ్మత్తయింది. నలభై దాటాక మనిషి ఎత్తు పదేళ్లకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున తగ్గుతుంది, డెబ్భై తర్వాత ఇంకొంచెం వేగంగా తగ్గుతుంది. తగ్గేది చాలావరకు వెన్నెముకలోనే. చేతుల పొడవు తగ్గదు. ఫలితంగా మొండెంతో పోలిస్తే చేతులు పొడవుగా కనిపిస్తాయి. ముప్పై ఐదేళ్లప్పుడు నడుముకు కొంచెం కిందగా ఆగిన ముప్పావు స్లీవ్ అరవై ఐదేళ్లకు అదే చేతి మీద, అదే చోట ఆగినా, మొండెం లెక్కలో ఇంకా కిందగా ఆగుతుంది. అచ్చొచ్చిన పొడవు ఉన్నట్టుండి అచ్చిరాకుండా పోవడానికి ఇదొక కారణం. లావు, సన్నం అన్న మాటలకు ఇందులో చోటే లేదు.

ఈ బెంగ ఎక్కడి నుంచి వచ్చింది?

శరీరం మారడం పాతది, జబ్బల గురించి ఇంత బెంగ కొత్తది. 2009 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడి భార్య మిషెల్ ఒబామా అధికారిక చిత్రం విడుదలైంది. అందులో ఆమె నల్లని స్లీవ్‌లెస్ గౌనులో ఉన్నారు. అప్పటికి ఆమెకు 45 ఏళ్లు. కొందరు అది పదవికి తగదన్నారు, ఎక్కువమంది ఆ చేతుల బిగువును పొగిడారు. పొగడ్తే ఎక్కువ నష్టం చేసిందని చెప్పవచ్చు. నలభై ఐదులోనూ జబ్బలు చూపించవచ్చన్న అనుమతి వచ్చింది గానీ, అలా బిగువుగా ఉంటేనే అన్న షరతు కూడా దాని వెంటే వచ్చింది. అమెరికాలో జబ్బల చర్మాన్ని కోసి బిగించే శస్త్రచికిత్సలు 2000లో 300 పైచిలుకు జరిగితే, 2012 నాటికి 15,000 దాటాయి. ఆ శస్త్రచికిత్స చంక నుంచి మోచేతి దాకా శాశ్వతమైన మచ్చ మిగులుస్తుంది. సడలిన చర్మాన్ని దాచుకున్నవారు ఆ తర్వాత మచ్చను దాచుకోవాల్సి రావచ్చు.

అంచు గీసే గీత

స్లీవ్ ఎక్కడ ఆగితే అక్కడ ఒంటి మీద ఒక అడ్డగీత పడుతుంది. చూసే కన్ను ఆ గీత దగ్గర ఆగి వెడల్పును కొలుస్తుంది. గీత చేతిలో లావైన చోట పడితే చేయి మొత్తం అంత లావుగా అనిపిస్తుంది, సన్నని చోట పడితే సన్నగా అనిపిస్తుంది. పొడవు ఎంపికలో అసలు సూత్రం ఇంతే. కానీ ఆ గీత చేతితో ఆగదు. చేతులు కిందికి వేలాడేటప్పుడు కన్ను రెండు స్లీవ్‌ల అంచులను కలుపుకుని మొండెం మీదుగా కూడా ఒక గీత గీసుకుంటుంది. మామూలు టీషర్టు పొట్టి చేతుల అంచు చాలామందిలో ఛాతీ ఎత్తులో ఉంటుంది, మోచేయి నడుము దగ్గరకు వస్తుంది, మణికట్టు తుంటి పక్కన పడుతుంది. కాబట్టి స్లీవ్ ఎక్కడ ఆగాలన్నది చేతిని మాత్రమే చూసి తేల్చేది కాదు. ఛాతీ భారీగా ఉన్నవారికి ఆ ఎత్తులోనే ఆగే పొట్టి చేతులు ఛాతీని ఇంకా వెడల్పు చేస్తాయి. తుంటి వెడల్పు అనుకునేవారికి మణికట్టు దగ్గర వెడల్పాటి అంచు ఉన్న పొడవు చేతులు అక్కడే బరువు పెంచుతాయి.

అడ్డ చారలు లావుగా చూపిస్తాయన్న నమ్మకాన్ని ఇక్కడికి తేకూడదు. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే అందుకు విరుద్ధమైన సంగతి గమనించాడు: అడ్డ చారలతో నింపిన చతురస్రం నిలువు చారల చతురస్రం కన్నా పొడవుగా, సన్నగా కనిపిస్తుంది. 2011లో ఇంగ్లండ్‌లోని యార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మనిషి బొమ్మల మీద బట్టల చారలతో పరీక్షించి, అడ్డ చారలు మనిషిని లావుగా చూపించవని తేల్చారు. చారలు చాలా ఉంటే కన్ను వాటి వెంట పైకీ కిందికీ జారుతుంది. ఖాళీ చోట ఒంటరిగా పడిన ఒకే గీత దగ్గర ఆగిపోతుంది. స్లీవ్ అంచు రెండో రకం.

ఒక్కో పొడవు, ఒక్కో గుణం

దాచుకోవాలనుకునేవారిని అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేది భుజం చివర చిన్న రెక్కలా నిలిచే కాప్ స్లీవ్. స్లీవ్‌లెస్ అంటే భయం, పొట్టి చేతులంటే విసుగు ఉన్నవారు మధ్యేమార్గమనుకుని దీన్ని ఎంచుకుంటారు. అది జబ్బలో దేన్నీ కప్పదు. భుజం చివర అడ్డంగా నిలిచి భుజాలను వెడల్పు చేస్తుంది, దాని కింద చేయి మొత్తాన్నీ వేలెత్తి చూపిస్తుంది. చంక కింద గుడ్డ ఉండదు కాబట్టి చేయి పైకెత్తగానే అంచు కండలోకి దిగుతుంది. గుండ్రని, కండ ఉన్న చేతులకు దీనికన్నా స్లీవ్‌లెస్ ఎంతో నయం.

స్లీవ్‌లెస్‌లో తేడా అంతా చంక గుండ్రంలో ఉంటుంది. భుజం పట్టీ భుజం ఎముక దాకా వచ్చి, చంకకు రెండు మూడు సెంటీమీటర్ల కిందే గుండ్రం తిరిగితే చేయి శుభ్రంగా, ఒకే రేఖలో కనిపిస్తుంది. గుండ్రం మరీ లోతుగా దిగితే చంక పక్కన కండ మడత, లోదుస్తుల అంచు బయటపడతాయి. మరీ బిగిస్తే అదే మడత ఉబ్బుతుంది. "నాకు స్లీవ్‌లెస్ నప్పదు" అనుకునేవారిలో చాలామందికి నప్పనిది ఈ గుండ్రమే.

పొట్టి చేతుల దగ్గర చిక్కు ఏమిటంటే, ఎక్కువ టీషర్టుల స్లీవ్ సరిగ్గా జబ్బ మధ్యలో, అంటే చేతిలో లావైన చోట ఆగుతుంది. అంచును రెండు మూడు సెంటీమీటర్లు పైకి జరిపినా మేలే, మోచేతికి కాస్త పైదాకా దింపినా మేలే. మధ్యలో వదిలేయడమే కీడు. అంచును నేలకు సమాంతరంగా కాకుండా లోపలి నుంచి బయటికి ఏటవాలుగా కోస్తే గీత బలం తగ్గుతుంది. పూరేకుల్లా ఒకదాని మీద ఒకటి పడే రెండు పొరల స్లీవ్ చేసే పని కూడా ఇదే. అంచు అడ్డంగా తెగకుండా వంపు తిరుగుతుంది. అంచు దగ్గర వేలు దూరేంత ఖాళీ లేకపోతే ఈ తెలివితేటలేవీ పనిచేయవు. అంచు బిగిసి కండ దాని కింద ఉబ్బితే, చూసేవారికి ముందు కనిపించేది ఆ ఉబ్బే.

సరిగ్గా మోచేతి మడత మీద ఆగే స్లీవ్ నిలబడినప్పుడు బాగుంటుంది, చేయి మడవగానే పేచీ పెడుతుంది. గుడ్డ మడతలో ఇరుక్కుని పైకి ఎగబాకుతుంది. మోచేతికి కొంచెం పైనో, కొంచెం కిందో ఆపడం మంచిది.

ముప్పావు చేతులకు ఇంత మంచి పేరు ఊరికే రాలేదు. చేతిలో వయసుతో అతి తక్కువ మారేది ముంజేయి చివరి భాగం. అక్కడ కొవ్వు తక్కువ, ఎముక దగ్గర, మణికట్టు వైపు సన్నబడుతూ పోతుంది. లావైన భాగాన్ని వదులుగా కప్పి, సన్నని భాగాన్ని బయట పెట్టడంతో చేయంతా సన్నమే అన్న భావన కలుగుతుంది. పైగా అంచు నడుముకు కొంచెం కిందగా పడుతుంది. ఫ్యాషన్ చరిత్రలో స్లీవ్ కుట్టడం మీద పిచ్చి పట్టుదల ఉన్న స్పానిష్ రూపకర్త క్రిస్టొబాల్ బాలెన్సియాగా, ధరించినవారి కంకణాలు కనిపించేలా మణికట్టు పైన ఆగే స్లీవ్‌ను తన ముద్రగా చేసుకున్నాడు. కుదరని స్లీవ్‌ను విప్పేసి మళ్లీ మళ్లీ కుట్టించడంలో ఆయన పేరు మోసినవాడు. అయితే ముప్పావు అన్నది అందరికీ ఒకే కొలత కాదు. చేతులు పొట్టిగా ఉన్నవారికి ముంజేయి సగంలో ఆగే స్లీవ్ చేతిని రెండు ముక్కలు చేస్తుంది. వారికి మణికట్టుకు మూడు నాలుగు వేళ్ల పైన ఆగేది నప్పుతుంది. ఎత్తు తగ్గి మొండెం కురచైనవారికి ఇందుకు విరుద్ధంగా అంచు మోచేతి దగ్గరకు జరగాలి.

పొడవు చేతుల గురించి చెప్పాల్సింది తక్కువ. అంచు మణికట్టు ఎముక మీద ఆగాలి. వేళ్ల కణుపుల మీదికి జారే స్లీవ్ ఎవరిదో బట్ట తొడుక్కున్నట్టు కనిపిస్తుంది. ఒంటికి అతుక్కునే సాగే గుడ్డతో కుట్టిన పొడవు చేతులు ఏమీ దాచవు, ప్రతి వంపునూ గీసి చూపిస్తాయి. ఇదే గుడ్డను "కవరేజీ" పేరుతో పెద్దవయసువారికి అంటగట్టడం వింతగా ఉంటుంది.

పలుచని షిఫాన్, జార్జెట్ స్లీవ్‌ల మీద చాలామందికి చిన్నచూపు. నిజానికి చేయి కనిపించీ కనిపించకుండా ఉన్నప్పుడు దాని అంచు ఎక్కడుందో కన్నుకు సరిగా అందదు, కొలత తప్పుతుంది. వదులుగా, లైనింగ్ లేకుండా కుడితేనే ఈ మేలు. సాగే నెట్‌తో బిగించి కుడితే ఫలితం తలకిందులవుతుంది.

సైజు పట్టికలో లేని చేయి

ఇంత చెప్పినా దుకాణంలో దొరికే బట్ట చేతికి ఎందుకు కుదరదన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. రెడీమేడ్ కొలతల వెనుక పెద్ద చరిత్ర ఉంది. అమెరికా వ్యవసాయ శాఖ సుమారు 15,000 మంది స్త్రీలను ఒక్కొక్కరికి 59 చోట్ల కొలిచి 1941లో నివేదిక వెలువరించింది. శ్వేతజాతి స్త్రీల కొలతలే అందులో చేరాయి, వారిలోనూ పడుచువారే ఎక్కువ. ఆ దేశంలో తర్వాత వచ్చిన ప్రామాణిక సైజులు దాని మీద ఆధారపడ్డాయి. 55 ఏళ్లు దాటిన స్త్రీల కోసం విడిగా కొలతల పట్టిక రావడానికి 1990ల దాకా ఆగాల్సి వచ్చింది. ఇక తయారీలో ఒక మధ్యస్థ సైజు నమూనా మీద బట్టను కుదిర్చి, మిగతా సైజులను లెక్క ప్రకారం పెంచుతూ, తగ్గిస్తూ పోతారు. మనుషుల చేతులు ఆ లెక్క ప్రకారం పెరగవు. ఛాతీ, నడుము పాత సైజులోనే ఉండి జబ్బ మాత్రం పెరగడం వయసులో మామూలే. ఆ చిన్న తేడాకు మొత్తం సైజు పెంచితే మెడ, భుజాలు వేలాడతాయి.

సాగని గుడ్డలో జబ్బ చుట్టుకొలత కన్నా స్లీవ్ చుట్టుకొలత కనీసం ఐదు సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలన్నది కుట్టుపనిలో మామూలుగా పాటించే లెక్క. కొలిచేటప్పుడు టేపును లావైన చోట పెట్టి, చేయి మడిచి కండ బిగించి కొలవాలి. వేలాడేసిన చేతిని కొలిచి కుట్టిన స్లీవ్ కాఫీ కప్పు ఎత్తేటప్పటికే పట్టేస్తుంది. లూజు కన్నా సూక్ష్మమైనది చంక లోతు. చంక కోత కిందికి దిగితే చేయి సుఖంగా ఆడుతుందని అందరూ అనుకుంటారు, జరిగేది ఇంకోలా ఉంటుంది. కోత కిందికి పోయేకొద్దీ స్లీవ్ మొండెంతో ఎక్కువ దూరం అతుక్కుని ఉంటుంది. చేయి ఎత్తితే చొక్కా మొత్తం నడుము దగ్గర నుంచి పైకి లేస్తుంది. చంకకు దగ్గరగా కోసి, స్లీవ్‌కు తగినంత వెడల్పు ఇచ్చిన బట్టే హాయిగా కదులుతుంది, సన్నగా కూడా కనిపిస్తుంది. చేతికీ మొండేనికీ మధ్య ఖాళీ కనిపించడం అందుకు కారణం. గబ్బిలం రెక్కల్లాంటి వెడల్పు స్లీవ్ ఆ ఖాళీని గుడ్డతో నింపేసి మనిషిని ఒకే దిమ్మెలా మార్చేస్తుంది.

వంగిన భుజాలకు రాగ్లాన్ స్లీవ్ మంచి స్నేహితురాలు. 1815 వాటర్లూ యుద్ధంలో కుడి చేయి పోగొట్టుకున్న బ్రిటిష్ సేనాని లార్డ్ రాగ్లాన్ పేరు దీనికి వచ్చింది. ఇందులో కుట్టు భుజం చివర ఉండదు, మెడ నుంచి చంకకు ఏటవాలుగా దిగుతుంది. భుజం ఎక్కడ ముగిసిందో చెప్పే గీత లేదు కాబట్టి భుజం ముందుకు జరిగినా, ఒకటి పైకి ఒకటి కిందికి ఉన్నా గుడ్డ పేచీ పెట్టదు. బాగా వాలిపోయిన భుజాలను మాత్రం ఇది ఇంకొంచెం వాల్చి చూపిస్తుంది.

అందం కాక ఇంకొన్ని అవసరాలు

ఎలా కనిపిస్తుందన్నదాని కన్నా ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మెనోపాజ్ సమయంలో ప్రతి నలుగురిలో ముగ్గురికి పైగా స్త్రీలకు వేడి ఆవిర్లు వస్తాయి. నిమిషాల్లో ముఖం, మెడ, ఛాతీ భగ్గుమంటాయి, ఆ వెంటనే చెమట, చలి. అలాంటి శరీరానికి బిగుతైన పొడవు చేతులు వేసుకోమని చెప్పడం సలహా అనిపించుకోదు. స్లీవ్‌లెస్ మీద సులువుగా వేసి తీసే వదులు పైతొడుగు ఉంటే కప్పాలన్నా, విప్పాలన్నా క్షణం పని. నలభై, అరవై ఏళ్ల మధ్య స్త్రీలలో భుజం పట్టేసే ఫ్రోజెన్ షోల్డర్ ఎక్కువ. తల మీదుగా తొడిగే బిగుతు స్లీవ్ వారికి రోజూ నొప్పి. ముందు గుండీలు, వెడల్పు చేతులు ఉంటే ఒకరి సాయం లేకుండా బట్ట మార్చుకోగలరు. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సలో చంకలోని లింఫు గ్రంథులు తీసినవారికి చేయి వాచే ప్రమాదం ఉంటుంది కాబట్టి, ఎలాస్టిక్ అంచుతో చేతిని నొక్కిపట్టే స్లీవ్‌లు వారికి పనికిరావు.

ఎండ విషయంలో మాత్రం కప్పుకోవడమే సరైన మాట, అయితే అది అన్ని వయసులకూ చెప్పాలి. గుడ్డ ఎండను ఎంత ఆపుతుందో చెప్పే కొలత యూపీఎఫ్. పలుచని తెల్ల నూలు టీషర్టుకు అది 5 నుంచి 7 మధ్యే ఉంటుంది. అంటే అతినీల లోహిత కిరణాల్లో ఐదో వంతు దాకా చర్మాన్ని చేరవచ్చు. యూపీఎఫ్ 50 గుడ్డలో నుంచి యాభయ్యో వంతు మాత్రమే వెళుతుంది. చిక్కటి నేత, ముదురు రంగు ఉన్న వదులు స్లీవ్ ముంజేతుల మీద మచ్చలను నిజంగా తగ్గిస్తుంది. వయసు చూసి యాభైలో కప్పుకోమనడం కన్నా, ఎండ చూసి ఇరవైలోనే కప్పుకోమనడం న్యాయం.

ఎదుటివారు ఎంత చూస్తారు?

అద్దం ముందు జబ్బలను పరీక్షించే తీరు చిత్రంగా ఉంటుంది. చేయి భుజం ఎత్తుకు చాపి, కింద సడలిన చర్మాన్ని రెండో చేత్తో కదిలించి చూసుకుంటారు. రోజు మొత్తంలో ఆ భంగిమలో ఎదుటివారికి కనిపించేది ఏ కొన్ని సెకన్లో. ఎదుటివారు నిజంగా చూసేది పక్క నుంచి, వెనుక నుంచి, కదులుతున్న చేతిని. అలా చూసేటప్పుడు సడలిన చర్మం కన్నా బిగిసిన కుట్టు, పైకి లేచిన చొక్కా, మాటిమాటికీ స్లీవ్‌ను కిందికి లాక్కునే వేళ్లు ముందు కంటపడతాయి.

ఎంతమంది గమనిస్తారన్నదాని మీద కార్నెల్ విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త థామస్ గిలోవిచ్, ఆయన సహచరులు 2000లో ప్రచురించిన ప్రయోగం పేరుపొందింది. విద్యార్థులకు ఒక గాయకుడి బొమ్మ ఉన్న, వారు సిగ్గుపడే టీషర్టు తొడిగి, ఇతర విద్యార్థులు కూర్చున్న గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగం మంది ఆ బొమ్మను గుర్తుపట్టి ఉంటారని తొడుక్కున్నవారు అనుకున్నారు. గుర్తుపట్టింది సుమారు పావు వంతు మంది. అది పడుచు విద్యార్థులతో చేసినదే, వయసు మీద చేసిన పరీక్ష కాదు. అయినా తన మీద పడే చూపును మనిషి ఎంత ఎక్కువగా ఊహించుకుంటాడో తెలియడానికి అది చాలు.

ఒంటి మీద ధ్యాసకు ఖర్చు కూడా ఉంటుంది. 1998లో అమెరికా మనస్తత్వవేత్త బార్బరా ఫ్రెడ్రిక్‌సన్ బృందం కొందరికి స్వెట్టరు, కొందరికి ఈత దుస్తులు ఇచ్చి, ఒంటరి గదిలో గణితం పరీక్ష రాయించింది. ఈత దుస్తుల్లో ఉన్న స్త్రీలకు మార్కులు తగ్గాయి, పురుషులకు తగ్గలేదు. దీన్ని చూసి కప్పుకుంటేనే మేలనే నిర్ణయానికి రావడం తొందరపాటు. ఒంటిని బయటి నుంచి కాపలా కాసేలా చేసే బట్ట ఏదైనా మనసులో చోటు ఆక్రమిస్తుందన్నది ఇందులోని విషయం. కొందరికి ఆ బట్ట స్లీవ్‌లెస్, ఇంకొందరికి ఉక్కలో వేసుకున్న పొడవు చేతులు. నిబ్బరం ఇస్తుందా, లేదా అన్నది పొడవును బట్టి తేలదు. వేసుకున్న పావుగంటకు ఆ స్లీవ్ సంగతి మరిచిపోయారా అన్నదాన్ని బట్టి తేలుతుంది.

వయసు ఇందులో శత్రువేమీ కాదు. స్త్రీల శరీర భావన మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను ఆస్ట్రేలియా మనస్తత్వవేత్త మారికా టిగెమాన్ 2004లో సమీక్షించారు. ఆ సమీక్ష ప్రకారం ఒంటి మీద అసంతృప్తి జీవితమంతా దాదాపు ఒకే స్థాయిలో ఉంటుంది, వయసుతో పెరగదు. పైగా రూపానికి ఇచ్చే ప్రాధాన్యం వయసుతో తగ్గుతుంది. నలభై దాటాక సిగ్గుపడాలన్న సలహా, ఆ సిగ్గు పట్టు సడలుతున్న సమయంలోనే వచ్చి దాన్ని మళ్లీ బిగిస్తున్నది.

కొనేటప్పుడు, సరిచేయించేటప్పుడు

దుకాణంలో ముందు పొడవు చూడటం అలవాటు. చూడాల్సిన వరుస ఇందుకు తలకిందులు. మొదట భుజం, చంక లోతు చూడాలి, ఎందుకంటే కిందికి కోసేసిన చంకను పైకి తేవడం దాదాపు అసాధ్యం; భుజం విప్పి పైకి ఎత్తితే మెడ చెడుతుంది. తర్వాత జబ్బ లూజు. లోపల కుట్టు మిగులు ఉంటే ఒకటి రెండు సెంటీమీటర్లు వదులు చేయవచ్చు, లేకపోతే చంక కింద నలుపలకల చిన్న గుడ్డ ముక్క అతికితే చేయి ఎత్తడానికి వీలవుతుంది. పొడవు చివరిది, సరిచేయడానికి అతి సులువైనదీ అదే. వేసుకుని చూసేటప్పుడు రెండు చేతులూ ముందుకు చాపి ఒకసారి, తల దువ్వుకుంటున్నట్టు ఎత్తి ఒకసారి, కూర్చుని మోచేతులు మడిచి ఒకసారి చూడాలి. అంచు కూర్చున్నప్పుడు ఎక్కడ ఆగుతుందో అక్కడే గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే మడిచిన చేతి మీద స్లీవ్ రెండు మూడు సెంటీమీటర్లు పైకి జరుగుతుంది.

ఇంట్లో ఉన్న పొడవు చేతుల బట్టలను ముప్పావు చేతులుగా మార్పించేవారు దర్జీకి ఒక మాట చెప్పాలి. స్లీవ్ మణికట్టు వైపు సన్నబడుతూ పోతుంది కాబట్టి, కోసిన చోట గుడ్డను అలాగే లోపలికి మడిస్తే మడత వెడల్పు చాలక అంచు ముడతలు పడుతుంది. మడతలోకి వెళ్లే భాగాన్ని అంచు నుంచి కొద్దిగా వెడల్పు అయ్యేలా కోయాలి, లేదా తీసేసిన ముక్క నుంచే పట్టీ కోసి లోపల విడిగా వేయాలి. కోతకు ముందు ఒక రోజంతా స్లీవ్‌ను ఆ పొడవుకు పిన్నులతో మడిచి తిరిగితే, రెండు వేళ్లు పైకా, రెండు వేళ్లు కిందికా అన్నది సాయంత్రానికి తెలిసిపోతుంది.